తీవ్రవాదికీ ఉగ్రవాదికీ నడుమ మేం

తెలుగు పత్రికల దగ్గర రెండు మాటలున్నాయి. ఒకటి తీవ్రవాది, రెండోది ఉగ్రవాది. నిఘంటువు తిరగేస్తే రెంటికీ దగ్గరి చుట్టరికమే. పత్రికల్లో మాత్రం ఈ రెంటి మధ్య మాచర్లకీ మక్కాకీ ఉన్నంత దూరం. నల్లమలలో తుపాకీ పట్టి తిరిగేవాడు తీవ్రవాది. కాల్చినా, మందుపాతర పెట్టినా, పోలీస్‌స్టేషన్ పేల్చినా తీవ్రవాదే. అదే తుపాకీ పట్టినవాడి పేరు మా పేరైతే ఉగ్రవాది. పట్టనక్కర్లేదు కూడా, పట్టి ఉంటాడన్న అనుమానం చాలు. మొదటివాడికి ఊళ్ళో ఇంకో పేరుంది, అన్న. 'రాత్రి అన్నలొచ్చి పోయారంట' అని పల్నాడులో చెవుల్లో చెప్పుకునేవాళ్ళు. అది భయమో, అభిమానమో, రెండూ కలిసిందో, ఏదైనా అందులో ఒక వరస ఉంది. రెండోవాడికి వరస లేదు. ఊరు లేదు. అతనికి మీరిచ్చే ఊరు ఒక్కటే, పాకిస్తాన్.

మేం గుంటూరు, ప్రకాశం మెట్ట పల్లెల సాయిబులం. నల్లరేగడిలో పత్తి ఏరినవాళ్ళం, కల్లాల్లో మిరపకాయల తొడాలు తీసిన ఆడవాళ్ళ బిడ్డలం, దూది ఏకిన విల్లు అటక మీద ఇంకా దాచుకున్నవాళ్ళం. మేం ఈ రెండు మాటల పట్టింపుకి రావడం భాషాభిమానంతో కాదు. ఒక మాట వెనక చర్చల బల్ల ఉంటుంది. ఇంకో మాట వెనక చేతికి బేడీలూ పోలీసు వ్యానూ ఉంటాయి. ఏ మాట ఎవరికి దక్కితే ఏ మర్యాద జరుగుతుందో 2004, 2005 మధ్య ఒక్క సంవత్సరంలో మా కళ్ళ ముందే తేలిపోయింది. ఆ సంవత్సరం మీద పుస్తకాలొచ్చాయి, వ్యాసాలొచ్చాయి, జ్ఞాపకాలొచ్చాయి. మా వైపు నుంచి ఆ సంవత్సరాన్ని చూసినవాళ్ళు తక్కువ.

2003 అక్టోబర్ 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కారు కింద మందుపాతరలు పేలాయి. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2004 మేలో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి చర్చలన్నారు. జులైలో పీపుల్స్‌వార్ మీద నిషేధం గడువు తీరితే పొడిగించలేదు. ముఖ్యమంత్రి మీద మందుపాతర పెట్టినవాళ్ళతో ఏడాదైనా తిరక్కుండా కూర్చుని మాట్లాడటానికి ఒక రాజ్యం ఒప్పుకుంది. 1997 నుంచీ ఎస్.ఆర్. శంకరన్ గారు, ఆయన వెంట పౌరస్పందన వేదికలో నడిచినవాళ్ళు కాళ్ళరిగేలా తిరిగి ఆ వాతావరణం తెచ్చారు. అక్టోబర్ 11న ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గర నల్లమల అడవిలోంచి రామకృష్ణ బయటికొచ్చారు. మా పల్నాడు తుమృకోట మనిషే. 1969లో చారు మజుందార్ వచ్చి కూర్చున్న గుత్తికొండ బిలం దగ్గరికి ఆ రోజుల్లో జనం లారీలెక్కి వెళ్ళారు. ఆ లారీలు తోలినవాళ్ళలో, క్లీనర్లలో మావాళ్ళెందరో ఎవరూ లెక్క రాయలేదు.

అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాదులో చర్చలు జరిగాయి. హోంమంత్రి జానారెడ్డి ఒక పక్క, రామకృష్ణ, సుధాకర్, గణేష్, జనశక్తి నుంచి అమర్, రియాజ్ ఇంకో పక్క. మంజీరా గెస్ట్‌హౌస్ ముందు జనం అర్జీలు పట్టుకుని బారులు తీరారు. కలెక్టరాఫీసులో ముప్పై ఏళ్ళుగా తిరిగినా పని కానివాళ్ళు అన్నలకు అర్జీ ఇస్తే అవుతుందని వచ్చారు. ప్రజాస్వామ్యం పరువు తీసింది అన్నలు కాదు, ఆ వరస. అంత పొడుగు వరసను చూసి కూడా ఈ రాష్ట్రంలో ఏ కలెక్టరూ సిగ్గుపడ్డట్టు మాకు గుర్తు లేదు.

ఇప్పుడు అదే సంవత్సరంలో మా కథ వినండి.

2004 జులై 12న ప్రభుత్వం జీవో 33 ఇచ్చింది. ముస్లింలకు విద్య, ఉద్యోగాల్లో 5 శాతం రిజర్వేషన్. మా బస్తీల్లో మిఠాయి పంచుకున్నారు. సెప్టెంబర్ 21న హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. బీసీ కమిషన్‌ని అడక్కుండా ఎలా ఇచ్చారంది. సరిగ్గా అదే సెప్టెంబర్ 21న పీపుల్స్‌వార్, ఎంసీసీఐ కలిసి మావోయిస్టు పార్టీ పుట్టింది. ఆ సంగతి అక్టోబర్ 14న చర్చల ముందు రోజు ప్రకటించారు. ఒకే తేదీ. అడవిలో ఒక పార్టీ పుట్టిన రోజూ, హైకోర్టులో మా ఐదు శాతం చచ్చిన రోజూ ఒకటే. ఆ పార్టీ పుట్టుక మీద రాష్ట్రమంతా నెలల తరబడి సంపాదకీయాలు రాసింది. మా ఐదు శాతం మీదా రాశారు లెండి. మతం పేరుతో రిజర్వేషనా, దేశం ముక్కలైపోదా అని రాశారు.

చర్చలు ముగిసి రెండు వారాలు కాలేదు. అక్టోబర్ నెలాఖరున, అదే హైదరాబాదులో, రాష్ట్ర డీజీపీ ఆఫీసు ముందు, గుజరాత్ నుంచి వచ్చిన పోలీసులు ఒక మౌలానాను అరెస్టు చేసి తీసుకుపోతుంటే అడ్డం పడ్డ జనంలోంచి ఒక ముస్లిం యువకుణ్ణి కాల్చి చంపారు. డీజీపీ ఆఫీసు గేటు ముందు! వేరే రాష్ట్రం పోలీసు తుపాకీతో! ఆ కుర్రాడు అడవిలోంచి రాలేదు. ఏకే47 భుజానేసుకుని రాలేదు. అతని కోసం కాల్పుల విరమణ లేదు, ఎందుకంటే అతను ఏ యుద్ధమూ ప్రకటించలేదు. ఆయుధం చేతిలో ఉన్నవాడితో బల్ల, లేనివాడికి తూటా. ఒకే నెల, ఒకే నగరం, ఒకే ప్రభుత్వం. రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెట్టి చూసిన సంపాదకుడు మాకు కనపడలేదు.

అన్నల్ని పిలిచారని మా ఏడుపు కాదు. పిలవాల్సిందే. రాజ్యం తన మనుషుల్తో మాట్లాడ్డం నేర్చుకున్న రోజు మంచి రోజు. ఆ మంచి రోజు ఎన్నాళ్ళు నిలిచిందో కూడా చూశాం. 2005 జనవరిలో మళ్ళీ ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి. మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. మార్చి 11న చిలకలూరిపేట పోలీస్‌స్టేషన్ మీద దాడి. ఏప్రిల్లో ఒంగోలులో జిల్లా ఎస్పీ కారు కింద మందుపాతర. ఎస్పీ బతికారు. చచ్చింది దారిన పోయేవాళ్ళు. జులై 1న, తొమ్మిది నెలల కింద హోంమంత్రి ఎదురుగా కూర్చున్న రియాజ్‌ని 'ఎదురుకాల్పుల్లో' చంపారు. ఆగస్ట్ 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, ఆయన కొడుకుని, వాళ్ళతో ఉన్నవాళ్ళని మావోయిస్టులు చంపారు. ఆగస్ట్ 17న నిషేధం మళ్ళీ వచ్చింది. నిషేధం పోయిన జులైకీ వచ్చిన ఆగస్ట్‌కీ నడుమ పదమూడు నెలలు. మర్నాటి ఏడాది, 2006 జులైలో రాష్ట్ర కార్యదర్శి మాధవ్‌ని ప్రకాశం జిల్లా నల్లమలలోనే చంపారు. అడవి ఖాళీ అయింది. పల్నాడులో అన్నల మాట క్రమంగా జ్ఞాపకాల్లోకి పోయింది.

ఈ పదమూడు నెలల్లో చిలకలూరిపేటలో గానీ ఒంగోలులో గానీ పేలిన ప్రతిదాని తర్వాతా మా గుండెలు ఒక క్షణం ఆగాయి. ఎందుకో చెప్పమంటారా? పేల్చింది ఎవరో తెలిసేదాకా మాకు ఊపిరాడదు. పేలింది మందుపాతరని తేలి, రాసింది మావోయిస్టులని తేలితే, చచ్చినవాళ్ళ కోసం ఏడవడానికి మాకు అనుమతి దొరికినట్టు. తేలకపోతే మాత్రం ఏడుపు పక్కన పెట్టి రేషన్ కార్డు వెతుక్కోవాలి. మీలో ఏ రెడ్డికైనా, ఏ కమ్మకైనా, ఏ కాపుకైనా పేలుడు వినపడ్డప్పుడు తన కులం పేరు గుర్తుకొస్తుందా? అన్నల నాయకత్వంలో మీ కులాల పేర్లే కదా వరసగా కనపడేవి. అయినా ఏ పోలీసూ మీ ఇళ్ళు చుట్టుముట్టి మీ కులం కుర్రాళ్ళందర్నీ లైను కట్టించలేదు. మా కుర్రాళ్ళని కట్టించారు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చినవాళ్ళు చచ్చారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు చచ్చారు. చచ్చినవాళ్ళు మేమే, పట్టుకుపోయిందీ మమ్మల్నే. చిత్రహింసలు పెట్టారు. కోర్టులు నిర్దోషులన్నాయి. 2012లో ప్రభుత్వమే పరిహారమిచ్చి, మంచి నడవడిక సర్టిఫికెట్లిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. ఆ కేసులో తర్వాత పట్టుకున్న హిందూత్వ ముద్దాయిల్ని 2018 ఏప్రిల్లో కోర్టు వదిలేసింది. ఆ బాంబు దానంతటదే పుట్టి దానంతటదే పేలిందన్నమాట!

మా పేర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. గుంటూరులో కాలే మస్తాన్ వలీ దర్గా ఉంది. పెదకాకానిలో బాజీ బాబా దర్గా ఉంది. అక్కడ మొక్కుకుని పుట్టిన పిల్లలకి ఆ పేర్లే పెట్టుకునే ఆచారం ఈ మెట్టలో తరతరాలుగా ఉంది. మస్తాన్రావు హిందువు. మస్తానమ్మ ఏ కులమైనా కావచ్చు. మస్తాన్ వలీ ముస్లిం. సైదులు, సైదమ్మ, నాగులమీరా... ఈ పేర్లు ఓటరు లిస్టులో చదువుకుంటూ పోతే ఎవరు ఏ మతమో తేల్చుకోలేక ఉత్తరాది నుంచి వచ్చిన ఆఫీసరు తల పట్టుకుంటాడు. ఇది మా పల్నాటి ఘనత. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి బడిలో పాఠం చెబుతారు గానీ, మస్తాన్రావు గురించి ఏ పాఠమూ లేదు. చెప్పరు. చెబితే దేశభక్తి పాఠం చెడిపోతుంది. స్టేషన్‌లో మాత్రం ఈ పేర్ల చిక్కుముడి చిటికెలో విడిపోతుంది. మస్తాన్రావు ఇంటికి పోతాడు. మస్తాన్ వలీ లోపల కూర్చుంటాడు.

విప్లవకారులూ మా పేర్లు వాడుకున్నారు. రియాజ్ అన్నది పార్టీ పేరు. బల్ల దగ్గర ఆ పేరు కూర్చుంది. అడవిలో ఏ పేరు పెట్టుకుంటే ఏముంది, అందరం ఒకటే అనే ఉదారత మాకు అర్థమవుతుంది. బతుకులో ఒక పేరును మోయడం వేరు, అజ్ఞాతంలో పెట్టుకోవడం వేరు. అజ్ఞాతంలోంచి బయటికొచ్చినవాడు పాత పేరు తీసుకోగలడు. మేం ఏ అడవిలోంచి బయటికొస్తే మాకు పాత పేరు దొరుకుతుంది?

రక్తం దగ్గర మాత్రం మాకు వాటా సరిగ్గానే ఇచ్చారు. నల్గొండలో పౌరహక్కుల సంఘం కార్యకర్త ఆజం అలీని 2001 ఫిబ్రవరిలో నరికి చంపారు. అంతకు మూడు నెలల ముందు పురుషోత్తంని చంపారు. ఇద్దరూ ఎన్‌కౌంటర్లను ప్రశ్నించినవాళ్ళు. ఆజం అలీ పేరు మా పిల్లలకి తెలీదు. తెలిసింది నయీం పేరు. నక్సలైటుగా మొదలై, తర్వాత నక్సలైట్ల మీదికే వదిలిన ఆయుధమై, 2016 ఆగస్ట్ 8న షాద్‌నగర్‌లో చచ్చిన నయీం. వారాల తరబడి టీవీలు ఆ పేరే జపించాయి. ఆయన్ని పెంచి పోషించారన్న ఆరోపణలు మోసిన అధికారుల పేర్లు ఎక్కడా అంత గట్టిగా వినపడలేదు. హక్కుల కోసం చచ్చిన సాయిబు పేరు చెరిగిపోయింది. హత్యలు చేసిన సాయిబు పేరు ఇంటింటికీ చేరింది. ఈ ఎంపిక ఎవరు చేశారు?

విప్లవ మిత్రులతో ఒక మాట. మీ మీద మాకు కోపం లేదు, లెక్క ఉంది. 1985లో కారంచేడు. 1991లో చుండూరు. రెండూ మా ఇళ్ళకి కూతవేటు దూరంలో. మాదిగల, మాలల రక్తం మీ కళ్ళ ముందు కారితే, వర్గం ఒక్కటే సరిపోదని, కులం గురించి మాట్లాడమని దళితులు మిమ్మల్ని నిలబెట్టి అడిగారు. కారంచేడు ముద్దాయి దగ్గుబాటి చెంచురామయ్యను 1989లో పీపుల్స్‌వార్ చంపింది. అదే మీ జవాబన్నారు. దళితులడిగింది ఒక శవం కాదు, నాయకత్వంలో చోటు. ఆ ప్రశ్న అక్కడే ఉంది. 1992 డిసెంబర్ 6 తర్వాత మేమూ అదే అడిగాం. బాబ్రీ కూలినప్పుడు, 2002లో గుజరాత్ తగలబడినప్పుడు మీరు ఊరేగింపులు తీశారు, కరపత్రాలేశారు, కాదనం. మీ కరపత్రాల్లో మేం ఎప్పుడూ 'మైనారిటీలు'గానే ఉన్నాం. దూదేకుల, మెహతర్, కసాయి, ఫకీరు, లద్దాఫ్... ఈ పేర్లతో మేం లేం. 2004లో బల్ల మీద మీరు పెట్టిన కోర్కెల జాబితా ఎంత పొడుగుదైనా, ఆ నాలుగు రోజులూ ఆయుధాలతో ఊళ్ళోకి రావచ్చా రాకూడదా అన్నదాని దగ్గరా, భూమి దగ్గరా గడిచిపోయాయి. మా దాకా రానేలేదు.

భూమి అన్నారు, బాగుంది. ఆ చర్చల వేడిలోంచే కోనేరు రంగారావు కమిటీ పుట్టింది, 2006లో నివేదిక ఇచ్చింది. మా భూమి సంగతేమిటి? ఈ జిల్లాల్లో పీర్ల చావిడికీ దర్గాకీ మసీదుకీ మాన్యాలుండేవి. ముజావరు దగ్గర ఏటా కౌలుకి తీసుకున్న ఆసామి, మెల్లగా కౌలు మానేసి, ఇంకొంచెం మెల్లగా పాస్‌బుక్కు పుట్టించుకున్నాడు. వక్ఫ్ బోర్డు దస్త్రాల్లో భూమి ఉంటుంది, ఊళ్ళో ఉండదు. హైదరాబాదు పక్కన మణికొండలో దర్గా హజ్రత్ హుస్సేన్ షా వలీకి చెందిందని బోర్డు వాదించిన 1,654 ఎకరాల మీద సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేచాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భూమి సర్కారుదేనంది. జమీందారు భూమి ఆక్రమిస్తే దాన్ని భూపోరాటమన్నారు. దర్గా భూమిని ఆక్రమిస్తే దాన్ని అభివృద్ధి అన్నారు. ఈ రెండో ఆక్రమణ మీద ఎర్రజెండా ఎన్నిచోట్ల పాతారో మీరే చెప్పండి.

పత్తి దగ్గరికొద్దాం. ఈ నేల మీద పత్తితో మొదటి చుట్టరికం మాది. 'దూదేకుల' అన్న మాటలోనే దూది ఉంది. విల్లు, నరం, కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగి పరుపులకీ దిండ్లకీ దూది ఏకి పెట్టినవాళ్ళం. మా వృత్తి పేరునే మీరు తిట్టు చేసుకున్నారు. 'పింజారి వెధవ' అని తిట్టని తెలుగు సినిమా లేదు. పింజారి అంటే దూది ఏకేవాడు. అంతే. పత్తి పండించినవాడు రైతు, అన్నదాత. పత్తి ఏకినవాడు తిట్టు! సాగర్ కాలవలొచ్చి 1967 తర్వాత ఈ మెట్టలోకి డబ్బొచ్చింది. డెల్టా నుంచి ఆసాములొచ్చి భూములు కొన్నారు. జిన్నింగు మిల్లులొచ్చాయి. విల్లు అటకెక్కింది. మేం ఆ మిల్లుల్లోనే కూలికి కుదిరాం. 1980ల నడుమ తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. పురుగు చావక మనిషి చచ్చాడు. 1987, 88ల్లో ప్రకాశం జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రానికి మొదటిసారి తెలిశాయి. 2002లో బీటీ విత్తనమొచ్చింది. 2005లో మూడు మహికో రకాలకు ఈ రాష్ట్రంలో అనుమతి పోయింది. ఆ మూడేళ్ళలో వేసి నష్టపోయినవాళ్ళని ఎవరూ పలకరించలేదు.

ఆ 2004 జూన్‌లోనే జీవో 421 వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పులవాళ్ళకి సర్ది చెప్పడానికి యాభై వేలు. మంచి జీవోయే. విచారణకొచ్చినవాళ్ళు మొదట అడిగింది పట్టా. కౌలుదారుకి పట్టా ఎక్కడిది? మా వాళ్ళలో పత్తి, మిరప వేసినవాళ్ళు నూటికి తొంబై మంది నోటి మాట మీద కౌలుకి చేసినవాళ్ళే. పురుగుమందు తాగి చచ్చినా రైతు కాలేదు. తాగుబోతయ్యాడు, కడుపునొప్పి రోగి అయ్యాడు. పైగా ఆత్మహత్య హరాం కదా అని జనాజా నమాజ్ దగ్గర గొణిగిన మత పెద్దలూ ఉన్నారు. సర్కారు లెక్కలో రైతు కాడు, దీన్ లెక్కలో మంచి చావు కాదు. ఇంతకన్నా ఒంటరి చావు ఇంకోటి ఉంటుందా?

ప్రపంచం వంక ఒకసారి చూద్దాం. పశ్చిమ ఆఫ్రికాలో నైజీరియా అనే దేశముంది. 2014లో అక్కడ జరిగింది తెలుగు పత్రికలు కూడా మొదటి పేజీలో వేశాయి. ఏప్రిల్ 14 రాత్రి చిబోక్ బడి నుంచి 276 మంది ఆడపిల్లల్ని బోకో హరామ్ ఎత్తుకుపోయింది. ఆ వారమంతా టీ కొట్ల దగ్గర మమ్మల్నే అడిగారు, 'ఏం సాయిబూ, మీవాళ్ళేంటి ఇలా చేశారు' అని. ఎక్కడి బోర్నో, ఎక్కడి బాపట్ల! అదే ఏడాది నవంబర్ 28న కనో నగరంలో పెద్ద మసీదులో, జుమ్మా నమాజులో, ఆ బోకో హరామే బాంబులు పెట్టి వందమందికి పైగా చంపిందని ఎవరూ మాకు చెప్పలేదు. ఆ తుపాకులకి ఎక్కువగా బలైంది ఆ ఉత్తరాది ముస్లింలేనని చెప్పలేదు. అదే ఏడాది మార్చిలో మైదుగురిలోని గివా బ్యారక్స్ దగ్గర సైన్యం 600 మందికి పైగా చంపిందని, చాలామంది చేతిలో ఆయుధం లేనివాళ్ళేనని ఆమ్నెస్టీ చెప్పింది. దాని సంగతి అసలే చెప్పలేదు. ఆ సంస్థ మొదటి నాయకుడు మహమ్మద్ యూసుఫ్‌ని 2009 జులైలో పోలీసులు పట్టుకుని, కస్టడీలో కాల్చి చంపారు. పట్టుకుని చంపితే ఏమవుతుందో తర్వాతి పదేళ్ళూ ఆ దేశం చూసింది.

ఈ కథ విన్న పల్నాడు మనిషికి కొత్తగా ఏం ఉంటుంది? ఎండిన పొలాలు, చదువుకుని ఖాళీగా తిరిగే కుర్రాళ్ళు, పట్టుకుని కాల్చేసి ఎదురుకాల్పులనే పోలీసులు, రాత్రి ఒకళ్ళకీ పగలు ఇంకొకళ్ళకీ అన్నం పెట్టి ఇద్దరి చేతా ఇన్‌ఫార్మర్ అనిపించుకునే ఊళ్ళు. అదంతా మా నల్లమల అంచున కూడా ఉన్నదే. ఇక్కడ దాన్ని సామాజిక ఆర్థిక సమస్య అన్నారు, కమిటీలు వేశారు. అక్కడ దాన్ని ఇస్లాం అన్నారు. బడిపిల్లల్ని ఎత్తుకుపోయినవాణ్ణి మేం మావాడనం. అతని తుపాకీ మా బిడ్డల మీదికీ వస్తుంది. కానీ నేరానికి పేదరికం కారణమని ఒకచోట తెలిసిన మేధావికి, ఇంకోచోట ఖురాన్ తప్ప ఏదీ ఎందుకు కనపడదో అడిగే హక్కు మాకుంది.

మా లోపలి పెద్దల్నీ వదలం. 5 శాతం పోయాక 2005లో ఆర్డినెన్సు తెచ్చారు, చట్టం చేశారు, నవంబర్ 7న హైకోర్టు మళ్ళీ కొట్టేసింది. 2007లో సయ్యద్, పఠాన్, మొగల్ లాంటివాళ్ళని పక్కనపెట్టి, వెనకబడ్డ ముస్లిం కులాలకి 4 శాతం ఇస్తూ బీసీ ఈ గ్రూపు చేశారు. ఆ రోజున మా పెద్దింటి పెద్దలు కొందరు ఇస్లాంలో కులమెక్కడిదని లేచారు! దూదేకులవాడికి పిల్లనివ్వమంటే గుర్తొచ్చే కులం, రిజర్వేషన్ దగ్గర మాత్రం గుర్తు రాదు. దూదేకులకి 1970 నుంచీ బీసీ బీలో చోటుంది. అందుకే వాళ్ళు సగం ముస్లింలని ఎగతాళి చేసినవాళ్ళే, తర్వాత ఈ గ్రూపు సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు గడప దగ్గర నిలబడ్డారు. 4 శాతాన్ని కూడా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు నీడనే మా పిల్లలు ఇంజినీరింగు, డాక్టరీ చదివారు. ఒక తరం చదువు ఒక మధ్యంతర ఉత్తర్వు మీద నడిచింది.

చర్చల బల్ల మీద కూర్చున్న రామకృష్ణ 2021 అక్టోబర్ 14న అడవిలోనే జబ్బుతో చనిపోయారు. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావుని ఛత్తీస్‌గఢ్‌లో చంపారు. దానికి ముందు నెలల్లో హైదరాబాదులో పెద్దలంతా మళ్ళీ శాంతి చర్చల మాటెత్తారు. ఎత్తినందుకు మాకు సంతోషం. సొంత మనుషుల్ని అడవిలో వేటాడే రాజ్యం ఎవరికీ మంచిది కాదు. ఆ పెద్దల్ని మేం ఒకటడుగుతాం. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకి తీసుకొస్తూ, ఆలేరు దగ్గర, వ్యానులో, సీట్లకి బేడీలతో కట్టేసి ఉన్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీల్ని పోలీసులు కాల్చి చంపారు. బేడీల చేతుల్తో తుపాకీ లాక్కోబోయారన్నారు. అదే రోజు శేషాచలంలో ఇరవైమంది తమిళ కూలీల్ని చంపారు. ఆ కూలీల కోసం రెండు రాష్ట్రాలు కదిలాయి, కదలాల్సిందే. ఆలేరు ఐదుగురి దగ్గరికొచ్చేసరికి హక్కుల సంఘాలవాళ్ళు తప్ప, నల్లమల ఎన్‌కౌంటర్ల మీద పేజీలు రాసిన కలాలెన్ని కదిలాయి? వాళ్ళు నేరస్తులో కాదో కోర్టు తేల్చాలి. తేల్చే దాకా బతకనివ్వాలి. ఈ మాట మాధవ్ గురించి అన్నప్పుడు మీకు సులువుగా వచ్చింది. వికారుద్దీన్ గురించి అనాల్సి వచ్చేసరికి గొంతు పట్టేసింది.

మేం మీ జాలి అడగడం లేదు. ఇంకోసారి ఈ తెలుగు నేల మీద రాజ్యం ఎవరితోనైనా బల్ల వేసుకుని కూర్చుంటే, భూమి గురించి మాట్లాడేటప్పుడు పీర్ల మాన్యం దస్త్రం పట్టుకుని చిలకలూరిపేట దూదేకులాయన ఒకడు ఆ బల్ల దగ్గర ఉండాలి. బూటకపు ఎన్‌కౌంటర్ల గురించి మాట్లాడేటప్పుడు ఆలేరు తల్లులు ఉండాలి. కౌలు గురించి మాట్లాడేటప్పుడు మిర్చి యార్డులో తొడాలు తీసి కళ్ళు మండిన మా అక్కచెల్లెళ్ళు ఉండాలి. వాళ్ళ తరఫున ఇంకెవరో మాట్లాడటం కాదు, వాళ్ళే.

పత్రికలవాళ్ళకి ఇంకా చిన్న పని. ఎవరినైనా పట్టుకున్న రోజున ఉగ్రవాది అని వేసేముందు, పోలీసులు అన్నారు అని ఆ రెండు మాటలూ కలపండి. ఆ మనిషిని కోర్టు వదిలేసిన రోజున ఆ వార్త కూడా వేయండి. అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో.